మట్టి వదలని రోమన్ నాణేలు: కొనడం నుంచి గుర్తుపట్టడం దాకా

కవరు చింపి పళ్ళెంలో బోర్లిస్తే ముందు మట్టి వాసన వస్తుంది. తొలకరి వాసన కాదు, ఎప్పుడూ తలుపు తీయని గదిలో ఉండే ముక్క వాసన. పాతిక బిళ్ళలు, మన రూపాయి బిళ్ళ కంటే చిన్నవి, కొన్నయితే చింతపిక్కంతే ఉంటాయి. అన్నీ గట్టి మట్టి కట్టి గులకరాళ్ళలా కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని దీపం కింద వాలుగా పట్టుకున్నప్పుడు ముక్కు, గడ్డం, తల చుట్టూ ముత్యాల పట్టీ లీలగా తేలితే, అక్కడి నుంచి ఈ హాబీ మనల్ని వదలదు.

నేను ఇంగ్లాండులో ఉంటాను, అయిదారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మన వాళ్ళు తరచు అడుగుతుంటారు, పదిహేడు వందల ఏళ్ళ నాటి నాణెం రెండు పౌండ్లకి ఎలా వస్తుందని. పాతదయితే ఖరీదు ఉండాలి కదా అనేది మనందరి లెక్క. కానీ క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో రోమన్ ప్రభుత్వాలు ఈ చిన్న కంచు నాణేలని లెక్కకి అందనన్ని కొట్టాయి. ధరలు పెరిగి వాటి విలువ పడిపోయింది, జనం కుండల్లో పోసి పాతిపెట్టారు, సంతల్లో జారవిడిచారు, వెతుక్కునే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. అందుకే ఇంగ్లాండు నుంచి సిరియా దాకా పొలాల్లో ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. కడగకుండా, ఏవో తెలియకుండా గుత్తగా అమ్మే వాటిని 'అన్‌క్లీన్డ్ లాట్' అంటారు, ఇంగ్లాండులో ముద్దుగా 'గ్రాట్స్' అని కూడా అంటారు.

ముందు లెక్క చూసుకోండి

లాభం కోసం అయితే వద్దు. నా మొదటి లాట్ పాతిక నాణేలు, నలభై పౌండ్లు. నాలుగు నెలలు కూర్చుంటే చక్రవర్తి పేరు, టంకశాల రెండూ తేలినవి ఆరు, బొరుసు మీద బొమ్మ మాత్రం తెలిసినవి తొమ్మిది, మిగతా పదీ నున్నగా అరిగిపోయిన బిళ్ళలు. ఆ ఆరింటినీ అమ్మితే నా నలభై పౌండ్లు వస్తాయేమో గానీ నా సాయంత్రాలకి ఎవరూ వెల కట్టరు. మంచి నాణెమే కావాలనుకుంటే, శుభ్రం చేసి పేరు రాసి పెట్టినదాన్ని పేరున్న వ్యాపారి దగ్గర కొనుక్కోవడమే చవక. మట్టి కింద ఏముందో మన చేతులతో తేల్చుకోవాలని ఉంటేనే ఈ దారిలోకి రండి. వచ్చినా మొదటిసారి పది, పదిహేను నాణేలు మించి కొనొద్దు. వంద నాణేల లాట్‌లో ఒక్కోటి చవకే, కానీ వంద ఉన్నప్పుడు చెయ్యి తొందరపడుతుంది, తొందరపడిన ప్రతిసారీ ఒక నాణెం పాడవుతుంది.

ఎక్కడిది అని అడగండి, జవాబు రాకపోతే కొనకండి

అన్నిటికంటే ఎక్కువ సేపు ఆలోచించాల్సింది ఇక్కడే. నాణెం ధర కంటే, శుభ్రం చేసే పద్ధతి కంటే ఇదే ముఖ్యం.

ఒక పొలంలో కుండ దొరికిందనుకోండి. అందులో ఎన్ని నాణేలున్నాయి, చివరిది ఏ చక్రవర్తిది, ఎంత లోతున ఉంది అన్నవి రాసుకుంటే ఆ కుండని ఏ కాలంలో, ఏ భయంతో దాచారో చరిత్రకారులు చెప్పగలరు. రాత్రిపూట మెటల్ డిటెక్టర్‌తో తవ్వి, కిలోల లెక్కన దేశం దాటించి, పాతికలుగా విడగొట్టి అమ్మేస్తే ఆ కథ అంతటితో పోతుంది, ఇంకెవరూ తిరిగి చెప్పలేరు. బల్గేరియా, సెర్బియా వైపు నుంచి ఏళ్ళ తరబడి ఇలాగే వచ్చాయి. సిరియా, ఇరాక్ సంగతి ఇంకా ఘోరం. ఆ దేశాల నుంచి దోచుకొచ్చిన పురావస్తువుల వ్యాపారాన్ని ఆపాలని 2015లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2199వ తీర్మానంలోనే రాయాల్సి వచ్చింది. మన హాబీ కోసం ఒక ఊరి చరిత్ర చెరిగిపోకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంగ్లాండు, వేల్సుల్లో దారి కాస్త తేట. 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం 300 ఏళ్ళు దాటిన వెండి, బంగారు నాణేలు ఒకే చోట రెండు దొరికినా, కంచు లాంటివి పది దొరికినా దొరికినవాళ్ళు చెప్పి తీరాలి. మ్యూజియంలు పరిశీలించి, అక్కర్లేదంటే తిరిగి ఇచ్చేస్తాయి. విడిగా దొరికిన నాణేలని కూడా పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అనే ప్రభుత్వ పథకంలో చాలామంది తమంతట తామే నమోదు చేయిస్తారు. అలా నమోదై వచ్చిన నాణేలకి, ముప్పై నలభై ఏళ్ళ కిందటి సేకరణల నుంచి వచ్చిన వాటికి కాస్త ఎక్కువ పెట్టి అయినా సరే నేను వాటినే కొంటాను. అమ్మేవాళ్ళని సూటిగా అడగండి: ఏ దేశంలో దొరికాయి, మీ చేతికి ఎప్పుడు వచ్చాయి, కాగితం ఏమైనా ఉందా? "యూరప్ నుంచి" అని మాత్రమే రాస్తే అది జవాబు కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో మాట. అక్కడ 2007లో సైప్రస్ నాణేలతో మొదలుపెట్టి, 2011లో ఇటలీ, 2014లో బల్గేరియా, ఇలా కొన్ని దేశాల పాత నాణేల్లో కొన్ని రకాల దిగుమతి మీద ఆంక్షలు పెడుతూ వచ్చారు. బయటి దేశం నుంచి తెప్పించుకునే ముందు కాగితాలు చూసుకోవాలి, లేకపోతే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతాయి.

హైదరాబాదు, విజయవాడల్లో ఉండి ఇది చదివేవాళ్ళూ ఉంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే. సొంతంగా దేశం దాటించడం నేరం, వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. అందుకే నేను సెలవులకి ఊరెళ్ళేటప్పుడు నా నాణేలు ఒక్కటి కూడా సూట్‌కేసులో పెట్టుకోను, ఫొటోలే చూపిస్తాను. ఇక పొలంలోనో, పునాది తవ్వుతుంటేనో నాణేలు బయటపడితే 1878 నుంచి ఉన్న నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి చెప్పాల్సిందే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల కుప్ప దొరికింది, నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అవి ఎక్కడ దొరికాయో తెలిసింది కాబట్టే మన రేవులకీ రోముకీ మధ్య వ్యాపారం గురించి ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నాం. ఎవరో జేబులో వేసుకుని పోయి ఉంటే మనకి ఆ సంగతే తెలిసేది కాదు.

అమ్మకం మాటలు చదవడం

"ఎవరూ వెతకని లాట్" అని రాస్తే నమ్మకండి. మీ దాకా వచ్చేసరికి కనీసం ఇద్దరు ముగ్గురు ఏరుకునే ఉంటారు, పెద్దవీ వెండివీ ముందే వెళ్ళిపోతాయి. "బంగారు నాణెం ఉండొచ్చు" అన్నది ఇంకా పెద్ద అబద్ధం. బంగారానికి చిలుము పట్టదు, మట్టిలో పదిహేడు వందల ఏళ్ళున్నా పచ్చగా మెరుస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ చూడకుండా మీకు పంపించరు.

ఫొటో మీరు కొనే నాణేలదేనా, మాదిరికి పెట్టిందా అని అడగండి. మీకు వచ్చేవే ఫొటోలో ఉంటే పెద్దది చేసి చూడండి. మట్టి కింద తల ఆకారం, అంచు చుట్టూ అక్షరాల గరుకుదనం కొన్నిటి మీదయినా కనిపించాలి. అంచులు తినేసినట్టు ఉండి మధ్యలో పుట్టలా ఉబ్బితే లోపల లోహం మిగలలేదని అర్థం. లేత పచ్చ పొడి రాలుతున్నట్టుంటే వద్దు, దాని గురించి కింద చెబుతాను. అన్నీ ఒకే రంగు ఇసుక పూసుకుని, పల్లంలో మాత్రం ఇసుక నిండి ఉబ్బెత్తు భాగాలు ముద్దుగా మెరుస్తుంటే ఆ ఇసుకని ఎవరో అతికించి ఉంటారు. కొత్తగా పోతపోసిన నకిలీలకి మట్టి పూసి కలిపేవాళ్ళు కూడా ఉన్నారు. అచ్చుగుద్దినట్టు ఒకేలాంటివి రెండు, వాటి గుంటలు కూడా ఒకే చోట ఉంటే అవి పోతపోసిన నకిలీలే.

సామాను

పెద్ద ఖర్చు లేదు. మూతలున్న గాజు సీసాలు, డిస్టిల్డ్ వాటర్ (ఇండియాలో అయితే బ్యాటరీలో పోసేది, మెకానిక్ షాపులో దొరుకుతుంది), పిల్లల మెత్తటి టూత్‌బ్రష్, పళ్ళు కుట్టుకునే చెక్క పుల్లలు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్కకి వంచుకునే టేబుల్ ల్యాంప్, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా. నేను మా ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరి ఈనెలు కూడా వాడతాను. చివర కాస్త నమిలితే చిన్న కుంచెలా అవుతుంది, అక్షరాల మధ్య ఇరుకులోకి చక్కగా పోతుంది, లోహాన్ని గీకదు. డబ్బులుంటే ఒక్క దాని మీద పెట్టండి, రెండు కళ్ళతో చూసే స్టీరియో మైక్రోస్కోప్. అది కొన్నాక నేను పాడుచేసిన నాణేలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చింతపండు ముట్టుకోకండి

మొదటి లాట్ వచ్చిన రోజు వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "అంతేనా నాన్నా, చింతపండు పెట్టి తోమితే తళతళలాడిపోవూ" అంది. ఇత్తడి బిందెలు జీవితమంతా తోమిన చేతులు, ఆవిడ చెప్పింది బిందెకి నిజమే. నేను చింతపండు పెట్టలేదు గానీ ఇంట్లో ఉన్న నిమ్మరసంలో ఒక నాణెం వేసి అరగంట వదిలేశాను. తీసేసరికి చిలుమంతా పోయింది, దాంతో పాటు మొహం కూడా పోయింది. గులాబీ రంగు రాగి బిళ్ళ, ఒళ్ళంతా అమ్మవారు పోసినట్టు గుంటలు. కాసేపటి ముందు స్పష్టంగా కనిపించిన కిరీటం ఇక లేదు. ఆ బిళ్ళ ఇప్పటికీ బల్ల మీద నా ఎదురుగానే ఉంటుంది.

ఎందుకలా అయింది? బిందె మీద చిలుము పైపై పొర, దాని కింద మంచి లోహం ఉంటుంది. శతాబ్దాలు నేలలో ఉన్న నాణెం అలా కాదు. దాని పై లోహమే నెమ్మదిగా మారి గోధుమరంగు, నలుపు, ముదురు ఆకుపచ్చ పొరగా గట్టిపడింది, అదే పాటినా. ఆనాడు అచ్చు గుద్దినప్పటి గీతలు, అక్షరాలు ఇప్పుడు ఉన్నది ఆ పొరలోనే. పులుపు ఏదయినా ఆ పొరని కరిగిస్తుంది. కాబట్టి చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, పీతాంబరి, కోలా, టూత్‌పేస్ట్, ఇనుప పీచు ఏదీ వద్దు. కరెంటు పెట్టి శుభ్రం చేసే ఎలక్ట్రాలిసిస్ కూడా అంతే, నిమిషాల్లో అంతా ఊడదీస్తుంది. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టమని చాలామంది చెబుతారు, నేనూ చేశాను, ఇప్పుడు మానేశాను. నూనెలోనూ కొద్దిగా ఆమ్లం ఉంటుంది, పైగా రంధ్రాల్లోకి ఇంకిన నూనెని తర్వాత తియ్యడం పెద్ద పని.

నానబెట్టడం

ముందు ప్రతి నాణేనికీ ఒక నంబరు ఇచ్చి రెండు వైపులా ఫొటో తీసి, బరువు రాసుకోండి. పది నిమిషాల పని, తర్వాత ఏది ఎలా మారిందో చూసుకోవడానికి ఇదే ఆధారం.

కుళాయి నీళ్ళ కింద వదులు మట్టి కడిగేసి, డిస్టిల్డ్ వాటర్‌లో వెయ్యండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, సున్నం ఉంటుంది, అందుకే వాటిలో నాననివ్వకూడదు. సీసాకి నాలుగైదు మించొద్దు. మొదటి వారం రోజూ నీళ్ళు మార్చండి, తర్వాత వారానికోసారి చాలు. నీళ్ళు మార్చినప్పుడల్లా టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి, పుల్లతో అంచుల దగ్గర తట్టండి. మట్టి పొరలు పొరలుగా, మరిగిన పాల మీద మీగడ లేచినట్టు లేస్తుంది. కొన్ని పది రోజుల్లో తేలిపోతాయి. కొన్నిటికి మూడు నెలలు పడుతుంది. ఏ మార్పూ లేనివాటిని పైకి తీసి రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ నీళ్ళలో వేస్తే, ఎండి తడిసిన మట్టి పగులుతుంది. నా నాణేల్లో సగానికి పైగా నీళ్ళతోనే పని అయిపోయింది.

సూది పని

నీళ్ళకి లొంగని గట్టి పెచ్చు ఉంటుంది. కుట్టుసూదిని చెక్క పిడికి గట్టిగా బిగించి, భూతద్దం కిందో మైక్రోస్కోప్ కిందో పెట్టుకుని చెయ్యాలి. వట్టి కళ్ళతో సూది పట్టుకోవద్దు. ముందుగా ఎటూ పనికిరాని అరిగిన నాణెం మీద ఒక వారం చెయ్యి తిప్పుకోండి.

సూదితో గీకకూడదు, నొక్కాలి. పెచ్చు అంచు మీద పైనుంచి మెల్లగా నొక్కితే చిటుక్కుమని చిన్న ముక్క లేచి పక్కకి పడుతుంది, కింద నున్నటి ముదురు పొర కనిపిస్తుంది. గీకితే ఆ పొర మీద మెరిసే గీత పడుతుంది, అది ఇంక పోదు. బొరుసు వైపు, అక్షరాలకి దూరంగా ఖాళీ స్థలంలో మొదలుపెట్టండి. మొహం దగ్గరికి చివర్లో వెళ్ళండి. రోజుకి ఇరవై నిమిషాలు చాలు, కళ్ళు అలిసిపోయాక చేసిందంతా మర్నాడు బాధపడేదే అవుతుంది.

ఎక్కడ ఆపాలి? మీకు ఇంకొంచెం చెయ్యాలనిపించే చోటనే. పేరు చదవగలిగి, బొరుసు మీద ఏముందో తెలిస్తే చాలు, పల్లాల్లో కాస్త మట్టి ఉంటే నాణేనికి అందమే. ఆకుపచ్చ మధ్యలో ఎర్రటి మచ్చ కనిపించిందంటే మీరు పాటినాని దాటి కిందికి దిగారు, వెంటనే ఆపేయండి.

మా ఇంట్లో అందరికీ నచ్చే నాణెం పదకొండో నంబరు. ఏడు వారాలు నీళ్ళలో ఏమీ మారలేదు. ఎనిమిదో వారం ఈనెతో ఊరికే తడుముతుంటే కింది భాగంలో పెచ్చు మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. నాలుగు సన్నటి కాళ్ళు, వాటి మధ్య ఇద్దరు బుజ్జి పిల్లలు, వెనక్కి తిరిగి వాళ్ళని చూస్తున్న తోడేలు, పైన రెండు నక్షత్రాలు. రోము నగరాన్ని కట్టారని చెప్పే రోములస్, రేమస్‌ల కథ. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 330లో కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ని ప్రారంభించినప్పుడు పాత నగరాన్ని కూడా తలుచుకుంటూ కొట్టించిన రకం ఇది. చాలా మామూలు నాణెం, లక్షల్లో ఉంటాయి. ఆ సాయంత్రం మాత్రం నేను భోజనానికి లేవలేదు.

పచ్చపొడి జబ్బు

ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉన్నది మంచి చిలుము. లేత పచ్చగా పిండిలా ఉండి, పుల్లతో గుచ్చితే రాలి, తుడిచిన నాలుగు రోజులకి మళ్ళీ అక్కడే మొలిచేది జబ్బు. ఇంగ్లీషువాళ్ళు బ్రాంజ్ డిసీజ్ అంటారు. నేలలోని ఉప్పు తాలూకు క్లోరైడ్ లోహంలోకి చేరి ఉంటుంది, దానికి గాలి, తేమ తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం ఇంకొంత లోహాన్ని తింటుంది, మళ్ళీ అదే తిరుగుతుంది. చివరికి నాణెం పొడి అయిపోతుంది.

అలాంటిదాన్ని వెంటనే విడిగా తీయండి. పుల్లతో పొడి అంతా తీసేసి, లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చెంచా వంట సోడా, ఒక చెంచా చాకలి సోడా కలిపి అందులో నానబెట్టండి. వారానికోసారి ఆ నీళ్ళు మారుస్తూ రెండు మూడు నెలలు ఉంచాలి. పాటినా రంగు కొంచెం మారొచ్చు, అయినా నాణెం దక్కుతుంది. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో ఇంకో రెండు వారాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టి, నెల రోజులు కనిపెట్టి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో అయితే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బా తప్పనిసరి.

జబ్బు లేని నాణేలని కూడా బాగా ఆరబెట్టాకే దాచాలి. గుడ్డతో అద్ది, టేబుల్ ల్యాంప్ కింద ఒక రోజు ఉంచుతాను. పైన పల్చగా రినైజాన్స్ వాక్స్ రాసి మెత్తటి బట్టతో తుడుస్తాను. బ్రిటిష్ మ్యూజియంలో తయారైన మైనం అది, తేమని అడ్డుకుంటుంది. మెత్తగా సాగే పీవీసీ కవర్లలో పెట్టొద్దు, ఏళ్ళు గడిస్తే వాటిలోంచి జిగట కారి నాణేన్ని తింటుంది. ఆమ్లం లేని కాగితపు కవరు చవక, మంచిది కూడా.

పేరు కనుక్కోవడం

లాటిన్ రాకపోయినా పర్వాలేదు, నాకూ రాదు. బొమ్మ వైపు ముందు తల చూడండి. సూర్యకిరణాల్లా ముళ్ళ కిరీటం ఉంటే ఎక్కువగా 3వ శతాబ్దం, ఇంగ్లాండు నేలలో టెట్రికస్ లాంటి చక్రవర్తులవి విరివిగా వస్తాయి. ముత్యాల పట్టీ ఉంటే ఎక్కువగా 4వ శతాబ్దం, కాన్‌స్టంటైన్ కాలం నుంచి. అక్షరాల్లో మొదట డి, ఎన్ ఉంటే 'మా ప్రభువు' అని. చివర పి, ఎఫ్, ఏ, వి, జి ఉంటే పుణ్యాత్ముడు, అదృష్టవంతుడు అయిన అగస్టస్, అంటే చక్రవర్తి అని. వాళ్ళు యు బదులు వి రాసేవాళ్ళు, అది గుర్తుంచుకోండి. ఈ రెంటి మధ్య మిగిలినదే పేరు.

బొరుసు ఇంకా తేలిక. ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు జెండా కర్రలు ఉంటే 330 నుంచి 335 మధ్యది, ఒక్క కర్రే ఉంటే ఆ తర్వాతది. నిలబడ్డ సైనికుడు గుర్రం మీంచి పడిన వాణ్ణి ఈటెతో పొడుస్తుంటే 348 తర్వాత వచ్చిన రకం, కాన్‌స్టంటైన్ కొడుకు రెండో కాన్‌స్టాంటియస్‌వి కుప్పలుగా దొరుకుతాయి. బొమ్మ కింద గీత గీసి దాని అడుగున మూడు నాలుగు అక్షరాలుంటాయి, అది టంకశాల గుర్తు. టి, ఆర్ ఉంటే జర్మనీలోని ట్రియర్, ఎస్, ఐ, ఎస్ ఉంటే క్రొయేషియాలోని సిసియా, ఎస్, ఎం, కె ఉంటే టర్కీలోని సిజికస్. పక్కన ఉండే పి, ఎస్ లాంటి అక్షరం అక్కడ ఎన్నో నంబరు కార్ఖానాలో కొట్టారో చెబుతుంది. చదవగలిగినంత రాసుకుని ఓక్రే (OCRE) అనే ఉచిత ఆన్‌లైన్ డేటాబేస్‌లో వెతికితే అదే రకం నాణెం ఫొటో ఎదురుగా వస్తుంది. పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ డేటాబేస్‌లో అయితే అలాంటిది ఏ కౌంటీలో దొరికిందో కూడా ఉంటుంది.

తేలినదాన్ని కవరు మీద పెన్సిల్‌తో రాయండి. నా పదకొండో నంబరు కవరు మీద ఇలా ఉంది: రోమ్ నగరం బొమ్మ, తోడేలు, ట్రియర్ టంకశాల, మొదటి కార్ఖానా, 17 మిల్లీమీటర్లు, 2.3 గ్రాములు, ఎవరి దగ్గర కొన్నానో, ఏ తేదీన, ఎక్కడ దొరికిందని వాళ్ళు చెప్పారో. చివరి వరుసని మాత్రం మర్చిపోవద్దు. రేపు ఈ నాణెం నా చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళినా, "ఎక్కడిది?" అని వాళ్ళూ అడుగుతారు.